కారు నుంచి కొట్టం దాకా

సొట్కమో దాటాక, స్ప్రూస్ అడవి పల్చబడే చోట,
మైనస్ ఇరవై ఎనిమిది డిగ్రీల పొద్దున
నలభై మూడు అడుగులు నడిచాను.
నేను చేసిన తప్పు అంతే.

పేపరు మిల్లు మూతపడ్డాక నేర్చుకుంటున్న పని ఇది.
కారు డిక్కీలో నత్రజని డబ్బా.
మూత తీస్తే తెల్లటి పొగ బద్ధకంగా
అంచు దిగి నేలకి పాకుతుంది.
లోపల పంతొమ్మిదేళ్ళుగా నిద్రపోతోంది
హల్లా అనే ఆంబోతు.
నిద్ర అనకూడదేమో,
నిద్రలో ఊపిరి ఉంటుంది కదా.
హల్లా అంటే మా భాషలో
వేసవి రాత్రి దొంగలా వచ్చి పైరు మాడ్చే మంచు.
ఆ పేరెందుకు పెట్టావని ఓస్మోని అడిగితే
"నుదుటి మీద తెల్లమచ్చ" అన్నాడు.
ఆంబోతు పోయింది. మచ్చ ఫొటోలో ఉంది.
స్ట్రాలు రెండే మిగిలాయి.

అన్నీ చెప్పినట్టే చేశాను మొదట.
డబ్బా మెడ దాటి పైకి తేకుండా
పట్టకారుతో ఒక్కటి అందుకున్నాను.
ముప్పై ఏడు డిగ్రీల నీళ్ళలో ముంచి
నలభై దాకా పైకే లెక్కపెట్టాను.
తడి తుడిచాను, చుక్క నీరు తగిలినా చాలునట
లోపలివాటి ప్రాణం తీయడానికి.
డాష్‌బోర్డు మీద చల్లగా పడున్న స్టీలు గన్నులో దూర్చి,
గ్లవ్‌జు చేత్తో కొవ్వొత్తిలా ఎత్తి పట్టుకుని
నడిచాను.
దారిలో ఓస్మో కుక్కని పలకరించాను కూడా.

ఒమెనా ఎదమీదుంది, కొట్టం అదిరేలా అరుస్తోంది.
పని అయిపోయింది. చెయ్యి కడుక్కుంటుంటే
హిల్కా వచ్చి నా కోటు వైపు చూసింది.
"గన్ను ఎక్కడ పెట్టుకుని తెచ్చావు?"
"చేతిలో."
ఏమీ అనలేదు.
ఖాళీ స్ట్రా అడుగున మిగిలిన తడిని
వెచ్చని గాజుపలక మీద తట్టి
మైక్రోస్కోపు నా వైపు తిప్పింది.

తుఫానులా సుడి తిరగాల్సిన చోట
తిరునాళ్ళు ముగిసిన మైదానం.
కొన్ని, తోక కొక్కెంలా వంగి,
దారి అడగడానికి సిగ్గుపడేవాళ్ళలా
ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్నాయి.
కొన్నిటి తలమీది టోపీ ఊడిపోయింది.
మిగతావి ఊరికే ఉన్నాయి.
నూటతొంభై ఆరు డిగ్రీల చలి చంపలేదు వాటిని.
నేను లేపాను,
లేపి, ఒంటిమీద గుడ్డ లేకుండా
వాకిట్లో నిలబెట్టాను.

ఇరవై ఒకటో రోజు ఒమెనా మళ్ళీ అరిచింది.

ఓస్మో తిట్టలేదు. అదే కష్టమనిపించింది.
కాఫీ పోసి అందులో జున్నుముక్క వేసిచ్చాడు.
పళ్ళకింద కీచుమంది.
ఈనిన ఆవు ముర్రుపాలతో అతని భార్య కాల్చి పెట్టే జున్ను.
పోయిన ఏడాదిదేమో. అడగలేదు.

రెండో స్ట్రా తనే తీస్తుందనుకున్నాను.
"నువ్వే," అంది హిల్కా, హీటరు పెంచుతూ.

ఈసారి మైనస్ ముప్పై ఒకటి.
గన్నుని ముందు అరచేతుల మధ్య రుద్దాను,
అగ్గి పుట్టించేవాడిలా, నవ్వొచ్చేంత సేపు.
కాగితంలో చుట్టి,
కోటు విప్పి, స్వెట్టరు ఎత్తి, బనీను ఎత్తి
పక్కటెముకలకి ఆనించుకున్నాను.
మోచేత్తో అదిమి పట్టుకుని
పిట్ట రెక్కకింద గుడ్డు పెట్టుకున్నట్టు
వంకరగా నడిచాను.
కుక్క తోకాడించింది. పలకలేదు.
అవే నలభై మూడు అడుగులు.
ప్రతి అడుగులో నా చర్మం కింద
నాది కాని ఒక వంశం
నా వేడిని నమ్ముకుని ఉంది.

ఇవాళ పంతొమ్మిదో రోజు.
ఓస్మో పొద్దున్నే ఫోను చేస్తాడు,
"తింటోంది" అని మాత్రం చెప్పి పెట్టేస్తాడు.
ఎల్లుండి కూడా ఆ ఒక్క మాటే అంటే బాగుండు.
డబ్బాలో ఆ స్ట్రా ఉన్న గడి ఖాళీగా ఉంది.
నేనింకా బనీను లోపలికి చెయ్యి పోనిచ్చి
ఆ ఎముక దగ్గర
వెచ్చగా ఉందో లేదో చూసుకుంటున్నాను.